పాఠంలో పులి, పంజరంలో చిలుక

పిల్లల మనసు తడి మట్టి వంటిది. మెత్తగా ఉన్నప్పుడే దానికి ఆకారం వస్తుంది, ఎండిన తరువాత ఎంత శ్రమించినా పగులుతుందే గాని మలుపు తిరగదు. అందుకే నమాజు, నిజాయితీ, పెద్దల యెడల మర్యాద వంటి వాటిని ఏడెనిమిదేళ్ళ వయసులోనే నేర్పాలని ప్రతి తల్లీ తండ్రీ ఆరాటపడతారు. కాని మన చుట్టూ తిరిగే నోరులేని జీవాలతో ఎలా మెలగాలన్న సంగతిని మాత్రం మనం పాఠ్యపుస్తకానికి వదిలేశాము. పాఠ్యపుస్తకం దానిని పరీక్షకు వదిలేసింది. పరీక్ష అయిపోగానే పిల్లవాడు దానిని మరచిపోతున్నాడు. ఇది ఎవరి లోపం?

ఆదేశాలకు, పథకాలకు కొదవ లేదు. పర్యావరణాన్ని బడులలో తప్పనిసరి పాఠ్యాంశంగా బోధించాలని సుప్రీంకోర్టు 1991 నవంబరులో ఎం.సి. మెహతా కేసులో ఆదేశించింది. అది సక్రమంగా అమలు కావడం లేదని తేలగా 2003 డిసెంబరులో మళ్ళీ గట్టిగా చెప్పింది. 2001-02లో జాతీయ హరిత దళం పేరిట బడులలో పర్యావరణ సంఘాలు ప్రారంభమయ్యాయి. ప్రాథమిక తరగతులకు పరిసరాల విజ్ఞానం అనే సబ్జెక్టే ఉంది. అయినా ఐదో తరగతి పిల్లవాణ్ణి అడిగి చూడండి. "వన్యప్రాణులను ఎందుకు సంరక్షించాలి?" అంటే నాలుగు వాక్యాలు గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతాడు. మీ ఇంటి ముందరి వేపచెట్టు మీద ఏయే పిట్టలు వాలతాయిరా అంటే తల గోక్కుంటాడు. గోడమీది చార్టులో జీబ్రాను, జిరాఫీని గుర్తు పడతాడు. పెరట్లో తిరిగే గోరింకను, జెముడు కాకిని గుర్తు పట్టలేడు.

ఈ దుస్థితి ఒక్క మనకే వచ్చింది కాదు. బ్రిటనులో బడిపిల్లలను పరీక్షించి, ఆ ఫలితాలను 2002లో 'సైన్స్' పత్రికలో ప్రకటించారు. ఎనిమిదేళ్ళ పిల్లలు పోకెమాన్ ఆటబొమ్మలలో నూటికి దాదాపు 80 బొమ్మల పేర్లు చెప్పగలిగారు. తమ దేశపు సాధారణ జంతువులలో, మొక్కలలో మాత్రం సగానికి కాస్త పైచిలుకే చెప్పగలిగారు. పిల్లలకు జ్ఞాపకశక్తి లేదని దీని అర్థం కాదు. అపారమైన జ్ఞాపకశక్తి ఉంది, దానికి మనం ఏది అందిస్తే అదే నిలుస్తుంది. అప్పుడు ఆటబొమ్మలైతే ఇప్పుడు చేతిలోని ఫోను. పేరు కూడా తెలియని ప్రాణి పోయినా పోయిందని పిల్లవాడికి తెలియదు. కాబట్టి సంరక్షణ పాఠానికి మొదటి మెట్టు పరిచయమే.

ఈ సందర్భంలో మన పిల్లలకు తప్పక చెప్పవలసిన ఒక మహనీయుని జీవితం ఉంది. ఆయన పేరు డాక్టర్ సాలిం అలీ. 1896లో బొంబాయిలో జన్మించారు. చిన్నతనంలోనే తల్లిదండ్రులను పోగొట్టుకుని మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ ఇంట పెరిగారు. ఆ రోజుల్లో కుర్రాళ్ళు అందరిలాగే బొమ్మ తుపాకీతో పిచ్చుకలను కొట్టేవారు. ఒకనాడు రాలిన పిచ్చుక గొంతు మీద పసుపు మచ్చ కనిపించింది. ఇది మామూలు పిచ్చుక కాదే, తినవచ్చునా కూడదా అన్న సందేహంతో మామూ దగ్గరికి తీసుకుపోయారు. ఆ మామూ "పోరా, పిచ్చి ప్రశ్నలు" అని కసరలేదు. తనకు తెలియదని చెప్పి, తెలిసినవారి దగ్గరికి, అంటే బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపారు. అక్కడి కార్యదర్శి మిల్లార్డ్ దొర ఆ పిల్లవాణ్ణి ఆదరించి, భద్రపరచిన వందలాది పక్షులను పెట్టెలు తెరిచి చూపించారు, పుస్తకాలు ఇచ్చారు. పిట్టలను కొట్టే ఆ బాలుడే పెరిగి పెద్దవాడై భారతదేశపు పక్షిశాస్త్రానికి మూలపురుషుడయ్యాడు. 1931-32లో నిజాం ప్రభుత్వ సహకారంతో హైదరాబాదు సంస్థానమంతా తిరిగి ఇక్కడి పక్షుల సర్వే చేసింది కూడా ఆయనే. 1976లో పద్మవిభూషణ్ పొందారు, 1987లో కన్నుమూశారు. ఆ రోజు ఆ మామూ విసుక్కుని ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. మన ఇళ్ళలో పిల్లలు రోజూ అడిగే ఎన్ని ప్రశ్నలను మనం విసుగుతో చంపివేస్తున్నామో కూడా ఆలోచించండి.

ఇక ఏ వయసు పిల్లలకు ఏమి చెప్పాలి అన్నది అసలు సమస్య. ఇక్కడ బడులు తరచూ తలకిందులుగా నడుస్తున్నాయి. రెండో తరగతి పసివానికి "అడవులు నాశనమైపోతున్నాయి, పులులు అంతరించిపోతున్నాయి, భూమి వేడెక్కిపోతున్నది" అని చెప్పి భయపెడతారు. ఆ పసివాడు ఏమి చేయగలడు? భయపడతాడు, లేదా విసిగి చెవులు మూసుకుంటాడు. డేవిడ్ సోబెల్ అనే అమెరికా విద్యావేత్త 1996లోనే ఈ సంగతి హెచ్చరించాడు. చిన్న పిల్లలకు ముందు ప్రకృతితో స్నేహం కలిగించాలని, వినాశ కథలు తరువాత చెప్పవచ్చునని ఆయన వాదన. ఇది మనకు కొత్త సంగతి కాదు. బిడ్డకు ముందు అమ్మ ప్రేమ తెలుస్తుంది, అమ్మ కష్టం తరువాత తెలుస్తుంది.

కనుక ఒకటి నుండి ఐదో తరగతి దాకా చూపడం, వినిపించడం, పేరు చెప్పడం జరగాలి. మన పిల్లలకు ఇందులో ఒక అదృష్టం ఉంది. వారికి రెండు భాషలు వచ్చు. బడిలో కాకి, ఇంట్లో కవ్వా. బడిలో చిలుక, ఇంట్లో తోతా. గద్ద అంటే చీల్, ఉడుత అంటే గిలహరీ, రాబందు అంటే గిధ్, తాబేలు అంటే కఛువా. ఒక నోటుబుక్కులో రెండు పేర్లూ రాయించి, పక్కన బొమ్మ వేయించి, అది ఏమి తింటుంది, ఎక్కడ గూడు కడుతుంది అని చూసి రాయమంటే అదే చక్కని పాఠం. దీనికి బడ్జెటు అక్కరలేదు, బస్సు అక్కరలేదు. దాదీని, నానీని కూర్చోబెట్టి, మీ చిన్నప్పుడు ఊళ్ళో కనిపించి ఇప్పుడు కనిపించనివి ఏవి అని అడగమంటే ముసలివారికి సంతోషం, పిల్లలకు చరిత్ర.

దివ్య ఖుర్ఆన్‌లో ఆవు, తేనెటీగ, చీమ, సాలీడు, ఏనుగు పేర్ల మీద సూరాలు ఉన్నాయి. మన పిల్లలు సూరె ఫీల్‌ను చాలా చిన్న వయసులోనే కంఠస్థం చేస్తారు. కాని సూరె నమల్ పేరు చెప్పినప్పుడు ఏ ఉస్తాదైనా పిల్లలను వాకిట్లోకి తీసుకుపోయి చీమల బారును చూపించారా? సులైమాన్ ప్రవక్త (అలై) గాథలో వచ్చే హుద్‌హుద్ పిట్ట ఎక్కడో అరబ్బు దేశంలో మాత్రమే ఉంటుందని పిల్లలు అనుకుంటారు. తల మీద విసనకర్రలా విచ్చుకునే జుట్టుతో, నలుపు తెలుపు చారల రెక్కలతో అది మన పొలాలలో, ఖాళీ మైదానాలలో నేలను పొడుస్తూ తిరుగుతూ ఉంటుంది. 2014 అక్టోబరులో విశాఖపట్నాన్ని కుదిపివేసిన తుపానుకు హుద్‌హుద్ అని పేరు పెట్టింది ఒమన్ దేశం. తుపాను పేరు తెలిసిన పిల్లవాడికి పిట్ట తెలియకపోవడం విచారకరం కాదా?

ఈ వయసులోనే మూఢనమ్మకాలను కూడా తొలగించాలి. గుడ్లగూబ ఇంటి మీద వాలితే చావు వస్తుందని మన ఆడవాళ్ళు కొందరు ఇప్పటికీ భయపడతారు, పిల్లల చేత రాళ్ళు వేయిస్తారు. గుడ్లగూబ అపశకునమన్న నమ్మకాన్ని దైవప్రవక్త (స) స్పష్టంగా తోసిపుచ్చారు. పైగా అది రాత్రంతా ఎలుకలను పట్టి మన ధాన్యాన్ని కాపాడే కాపలాదారు.

ఆరు నుండి ఎనిమిదో తరగతి పిల్లలకు కార్యకారణ సంబంధం అర్థమవుతుంది. అప్పుడు కష్టాల కథ చెప్పవచ్చు, చెప్పాలి కూడా. రాబందుల ఉదంతం ఇందుకు మంచి పాఠం. 1990ల దాకా ఊరి బయట పశువు చస్తే గుంపులుగా దిగేవి. పదిహేనేళ్ళలో తెల్లనడుము రాబందులు 99 శాతానికి పైగా నశించాయి. ఎవరూ వేటాడలేదు. పశువుల నొప్పులకు ఇచ్చే డైక్లోఫెనాక్ అనే మందు ఆ పశువుల కళేబరాల ద్వారా రాబందుల కడుపులోకి పోయి మూత్రపిండాలను దెబ్బ తీసిందని 2004లో తేలింది. 2006లో ప్రభుత్వం పశువులకు ఆ మందును నిషేధించింది. ఆ పక్షులు పోయినందువల్ల కళేబరాలు కుళ్ళి, కుక్కలు పెరిగి, నీరు చెడి, 2000-2005 మధ్య దేశంలో సుమారు 5 లక్షల మంది అదనంగా మరణించారని 2024లో ప్రచురితమైన ఒక పరిశోధన లెక్క కట్టింది. అసహ్యించుకునే పక్షి కూడా మన ఆరోగ్యానికి కాపలా కాస్తున్నదని ఏడో తరగతి విద్యార్థికి ఇంతకంటె బాగా ఎలా చెప్పగలము?

పాముల పాఠం ప్రాణాల పాఠం. 2000 నుండి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని 2020లో వెలువడిన పరిశోధన చెబుతున్నది. ఎక్కువ మరణాలున్న ప్రాంతాలలో మన తెలుగు నేల ఒకటి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగే ఎక్కువ మరణాలకు కారణం. ఎలుకలను తినే జెర్రిపోతుకు విషమే లేదు. ఏది ఏదో తెలిసిన పిల్లవాడు కనబడిన ప్రతి పామునూ కొట్టబోడు, కొట్టబోయి కాటు తినడు. కరిస్తే కోయకూడదు, గట్టిగా కట్టు కట్టకూడదు, మంత్రాలకు, తావీజులకు పోకుండా నేరుగా ఆసుపత్రికి పోవాలి అన్న ముక్క కూడా ఇదే పాఠంలో రావాలి.

మన నేల మీది గర్వకారణాలను కూడా చెప్పాలి. కలివికోడి అనే చిన్న పిట్టను 1848లో జెర్డన్ అనే శాస్త్రజ్ఞుడు ప్రపంచానికి పరిచయం చేశాడు. 1900 తరువాత అది కనబడక, అంతరించిందనే అనుకున్నారు. 1986లో కడప జిల్లా లంకమల కొండల చెంత అది మళ్ళీ దొరికింది. దానిని రాత్రివేళ పట్టి చూపింది డిగ్రీలున్న పండితుడు కాదు, ఐతన్న అనే స్థానికుడు. పల్లెటూరి పరిజ్ఞానం ఎంత విలువైనదో మన పిల్లలకు దీనివల్ల తెలుస్తుంది.

ఇంతవరకు బడి మాట. ఇక ఇంటి మాటకు వద్దాము. కొందరికి ఇది కటువుగా తోచవచ్చు. పాఠం చదివిన పిల్లవాడు ఇంటికి రాగానే వరండాలో పంజరం, అందులో "మిట్టూ" అని పిలిపించుకునే చిలుక. చిలుకను పంజరంలో ఉంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. అదే చిలుక 2018 నుండి ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షి. చెట్టు తొర్రలలోంచి రెక్కలు రాని పిల్లలను లాగి, బుట్టలలో కుక్కి తెచ్చి అమ్ముతారు. దారిలో ఎన్ని చచ్చిపోతాయో కొనేవాడికి కనబడదు.

"పక్షిని పెంచుకోవడం ధర్మంలో తప్పు కాదు గదా, బాల సహాబీ అబూ ఉమైర్ వద్ద చిన్న పిట్ట ఉండేది గదా?" అని ఎవరైనా అడగవచ్చు. మంచి ప్రశ్న. ఆ పిట్ట చనిపోయినప్పుడు దైవప్రవక్త (స) ఆ పసివాణ్ణి పలకరించి ఓదార్చిన సంగతి ప్రసిద్ధం. దాని ఆధారంగానే విద్వాంసులు పక్షులను పెంచడానికి అనుమతి ఇచ్చారు. కాని షరతులు పెట్టారు. మేత, నీరు, మంచి సంరక్షణ ఉండాలి, హింస ఉండకూడదు. గూటిలోని పిల్లలను ఎత్తుకొచ్చినప్పుడు తల్లిపిట్ట తల్లడిల్లుతుంటే వాటిని తిరిగి ఇచ్చివేయమని ఆజ్ఞాపించింది కూడా ఆ ప్రవక్తే (స). ఈ రెండు హదీసులనూ కలిపి చదవాలి. ఒకటి చదివి రెండోది వదిలేస్తే మన సౌకర్యాన్ని చూసుకున్నట్లే. అదిగాక దేశ చట్టం ఒకదానిని నిషేధించినప్పుడు, నిషేధించబడిన దానిని విడిచి పెట్టడంలో మన ధర్మానికి వచ్చే నష్టం ఏమీ లేదు. పెంచాలన్న కోరిక ఉంటే పావురాలు ఉన్నాయి, కోళ్ళు ఉన్నాయి, మేకలు ఉన్నాయి.

మరొక అలవాటు ఇంకా సున్నితమైనది. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే, గండం ఉందనుకుంటే, పిట్టలను కొని రోగి తల చుట్టూ తిప్పి సద్ఖాగా ఎగురవేస్తారు. ఈ ఆచారం మనలోనే కాదు, ఇతరులలోనూ వేరు వేరు రూపాలలో ఉంది. సంకల్పం మంచిదే. కాని పని ఫలితాన్ని చూడండి. మీరు విడిపిస్తారని తెలిసే వలవాడు వాటిని పట్టాడు. మీరు ఇచ్చిన సొమ్ముతో రేపు మరిన్నింటిని పడతాడు. రోజుల తరబడి ఇరుకు బుట్టలో నలిగిన పిట్ట ఎగిరి ఎంత దూరం పోగలదు? మన దేశపు అడవి పక్షుల వ్యాపారమే 1990-91లో నిషేధింపబడింది. అంటే మన సద్ఖా ఒక నేరానికి పెట్టుబడి అవుతున్నది. చెట్టు నాటితే దానినుండి పక్షి తిన్నది కూడా నాటినవారి ఖాతాలో సద్ఖాగా చేరుతుందని ప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు. పిట్ట ఖరీదుతో ఒక మొక్క నాటండి, లేదా ఆకలితో ఉన్నవాడికి అన్నం పెట్టండి. మేడ మీద మట్టి మూకుడులో నీళ్ళు పెట్టే పని పిల్లలకు అప్పగించండి. పిల్లవాడి చేత పంజరం తలుపు తెరిపించడం కంటె అది మేలైన తర్బియత్.

సంక్రాంతి రోజులలో పతంగుల సంగతీ చెప్పక తప్పదు. నైలాన్ మాంజా చెట్లకు చుట్టుకుని నెలల తరబడి పక్షుల రెక్కలు కోస్తుంది, మోటారు సైకిలు మీద పోయేవారి గొంతులూ కోస్తుంది. 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దానిని దేశమంతటా నిషేధించింది. పతంగి ఎగురవేయవద్దని పిల్లలకు చెప్పనక్కరలేదు. నూలు దారంతో ఎగురవేయమని, పండుగ మరునాడు తెగిన దారాలను ఏరి చుట్టమని చెబితే చాలు. పన్నెండేళ్ళ పిల్లవాడు స్వయంగా చేయగలిగిన సంరక్షణ ఇదే.

కొందరు పెద్దలు అంటారు: "మాస్టారూ, మన పిల్లలకు చదువులే సరిగా లేవు, ఉద్యోగాలు లేవు. ఇప్పుడు పిట్టల గోల ఎందుకు?" ఈ బాధ నిజమైనది, కొట్టిపారేయదగినది కాదు. కాని పేదరికమూ ఈ విషయమూ విడివిడిగా లేవు. రాయలసీమ పొలాలలో కనిపించే నక్షత్ర తాబేళ్ళను ఏరి తెస్తే కొన్ని రూపాయలు చేతిలో పెట్టేవారు ఉంటారు. అవి చేతులు మారి, విమానాలలో విదేశాలకు పోయి, పెద్దవారికి వేలు కురిపిస్తాయి. మన దేశంలో ఒక్క సేకరణ ప్రాంతం నుండే ఏడాదికి కనీసం 55,000 నక్షత్ర తాబేళ్ళు తరలిపోతున్నాయని 2015లో వెలువడిన ఒక పరిశోధన అంచనా వేసింది. పట్టుబడితే జైలుకు పోయేది ఏరిన పేదవాడే. చట్టం తెలియకపోవడం పేదవాడికే ఎక్కువ నష్టం. కనుక ఈ పాఠం మన పిల్లలకే ఎక్కువ అవసరం.

పిల్లలకు చెబితే పెద్దలు మారతారా అన్నది మరో సందేహం. నాగాలాండ్‌లోని పాంగ్టి ప్రాంతాన్ని చూడండి. సైబీరియా వైపు నుండి ఆఫ్రికాకు వలసపోయే అముర్ డేగలు దోయాంగ్ జలాశయం వద్ద లక్షలుగా దిగుతాయి. 2012లో వలలు కట్టి ఒక్క కాలంలోనే లక్షకు పైగా పట్టి చంపుతున్నారని బయటపడింది. గ్రామ మండళ్ళు, మత పెద్దలు, ప్రభుత్వం, స్వచ్ఛంద సంస్థలు కలిసి పనిచేశాయి, ఊళ్ళలోని పిల్లలకు ఆ పక్షి ప్రయాణాన్ని గురించి పాఠాలు చెప్పాయి. 2013లో ఆ సంహారం ఆగిపోయింది. పట్టిన చేతులే కాపలా కాశాయి. మన దగ్గర గుంటూరు సమీపాన ఉప్పలపాడు చెరువులో వేలాది గూడబాతులు, కొంగలు గూళ్ళు పెడుతున్నాయంటే ఆ ఊరివారి సహనమే కారణం. అక్కడి పిల్లలకు సంరక్షణ అన్నది పుస్తకంలోని మాట కాదు, రోజూ కళ్ళెదుట కనబడే సంగతి.

పాఠకులకు నా మనవి ఇంతే. ఉపాధ్యాయులు వారానికి ఒక్క పీరియడు పిల్లలను గది బయటికి తీసుకుపోండి. మదరసాలలో చదువు చెప్పే ఉస్తాదులు జంతువుల ప్రస్తావన వచ్చిన చోట అర్థంతో ఆగక, ఆ జీవిని చూపించండి. మస్జిదు కమిటీలు ఆవరణలో రెండు చెట్లు నాటి, ఒక నీటి తొట్టి పెట్టి, దాని బాధ్యత పదేళ్ళ పిల్లలకు అప్పగించండి. తల్లులు పిల్లల ప్రశ్నలను విసుక్కోకండి. తండ్రులు పిట్టల బజారు వైపు పోయే అలవాటు మానుకోండి. ఇప్పటికే పంజరంలో చిలుక ఉన్నవారు దానిని ఉన్నపళంగా వదిలిపెట్టవద్దు, ఏళ్ళ తరబడి బందీగా ఉన్న పక్షి బయట బ్రతకలేదు. అటవీ శాఖవారికి అప్పగించండి, అప్పగించేటప్పుడు పిల్లవాణ్ణి వెంట తీసుకుపోండి. ఎందుకు అప్పగిస్తున్నామో దారిలో చెప్పండి. ఆ పాఠాన్ని ఏ పరీక్షా అడగదు, కాని వాడు దానిని జీవితాంతం మరచిపోడు.